చీటీ, కార్డు, మేస్త్రీ

2009 ఫిబ్రవరిలో నేను వంద విజిటింగ్ కార్డులు అచ్చేయించుకున్నాను. అప్పటికి నాకు ఉద్యోగం లేదు, డిగ్రీ కూడా ఇంకా చేతికి రాలేదు. ఎచ్చెర్ల దగ్గర హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. అంతకు అయిదు నెలల ముందు అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలింది. జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు అన్న మాట వింటేనే మా లెక్చరర్లు మొహాలు తిప్పేసుకుంటున్న రోజులు. అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి సాఫ్ట్ స్కిల్స్ చెప్పడానికి ఒకాయన వచ్చాడు. కోటు, టై. రెండు రోజుల క్లాసులో ఆయన చెప్పినవాటిలో నాకు గుర్తున్నది ఒక్కటే. ఉద్యోగం లేనివాడికే కార్డు ఎక్కువ అవసరం, ఎవరు కలిసినా చేతిలో పెట్టండి, అదే నెట్‌వర్కింగ్ అంటే.

శ్రీకాకుళం వెళ్ళి, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక ప్రింటింగ్ షాపులో చేయించాను. పేరు, కింద బి.టెక్ (సి.ఎస్.ఇ.), దాని కింద మొబైల్ నంబరు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసే ఒక ఈ-మెయిల్ ఐడీ. షాపతను ఒక మూల కంప్యూటర్ బొమ్మ ఉచితంగా వేసిచ్చాడు. ఇంటికి తెచ్చి చూపిస్తే తాత కళ్ళజోడు సవరించుకుని ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఏట్రా ఇది, శుభలేఖా?"

"కాదు తాతా, కార్డు. ఉద్యోగం కోసం. ఎవరైనా కలిస్తే ఇవ్వాలి."

"ఇస్తే?"

"దాచుకుంటారు. ఖాళీ ఉన్నప్పుడు పిలుస్తారు."

"ఎవుడో తెలీనోడి కాయితం ఎవుడు దాస్తాడ్రా? మా అయ్య రంగం ఎల్నపుడు ఏ కాయితమూ నేదు. మేస్త్రీ ఉన్నాడు, ఎల్నాడు."

ఆ వంద కార్డుల లెక్క చెప్తాను. విశాఖపట్నంలో ఒక జాబ్ మేళాలో పధ్నాలుగు పంచాను. రెండు పెళ్ళిళ్ళలో ఏడెనిమిది. ఒకటి రైల్లో ఒక బ్యాంకు మేనేజరుకి ఇస్తే ఆయన దాన్ని పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకున్నాడు. ఒక్క ఫోనూ రాలేదు. మిగిలినవాటి వెనక మా అమ్మ పాల లెక్కలు రాసింది. ఏడాదిన్నర తర్వాత ఉద్యోగం వచ్చింది. అమీర్‌పేటలో నా రూమ్మేటు పెదనాన్న కొడుకు ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే ఆయన, నన్ను అంతకు ముందెప్పుడూ చూడని మనిషి, నా రెజ్యూమె లోపలికి పంపడం వల్ల.

తాత మాట అప్పుడు ముసలాయన చాదస్తంలా అనిపించింది. తర్వాత పదిహేనేళ్ళలో అడపాదడపా చదువుతూ వచ్చినవి కలిపి చూస్తే, ఉత్తరాంధ్ర మనుషులు పని వెతుక్కుంటూ వెళ్ళిన చరిత్రంతా ఆయన వాక్యంలోనే ఉందనిపిస్తోంది. జేబులో ఏ కాయితం ఉంది? దాని వెనక ఏ మనిషి ఉన్నాడు?

*

విజిటింగ్ కార్డు పుట్టింది ఉద్యోగం కోసం కాదు. యూరప్‌లో గొప్పింటివాళ్ళు ఒకరి ఇంటికొకరు వెళ్ళినప్పుడు, యజమాని లేకపోతే "వచ్చి వెళ్ళాను" అని చెప్పడానికి వదిలిన అట్టముక్క అది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మన కంటోన్మెంట్లకు తెచ్చారు. కొత్తగా దిగిన దొర ఎండలో బంగళా బంగళాకీ తిరిగి, గేటుకి తగిలించిన రేకు డబ్బాల్లో తన కార్డు వేసి రావాలి. అలా వేస్తేనే ఆ ఊరి దొరల లోకంలో అతనికి చోటు. లోపలున్నవాళ్ళు చూడకపోయినా ఫర్వాలేదు, కార్డు పడితే చాలు. మా ట్రైనర్ మాకు నేర్పింది ఈ మర్యాదనే. రేకు డబ్బా ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

అదే బంగళాల్లో వంటవాళ్ళు, బట్లర్లు వాడిన కాయితం వేరు. దాని పేరు చిట్. మన చీటీ, హిందీవాళ్ళ చిట్ఠీ కుదురు నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట. 1886లో యూల్, బర్నెల్ అచ్చేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దాన్ని ఉత్తరం, నోటు అనడంతో ఆగలేదు. నౌకరుకి ఇచ్చే యోగ్యతాపత్రం అనే అర్థం కూడా చెప్పింది. బదిలీ మీద వెళ్ళే దొర "ఇతను నమ్మకస్తుడు, కూర బాగా వండుతాడు" అని రాసిస్తే, బట్లర్ దాన్ని మడతపెట్టి ఏళ్ళ తరబడి మోసేవాడు. ఒకడి చీటీ ఇంకొకడు అద్దెకు తెచ్చుకున్న కథలు ఆ కాలపు దొరసానుల జ్ఞాపకాల్లో బోలెడు. ఇంగ్లీషు రానివాడు తన గుణగణాల గురించి ఏం రాసి ఉందో తెలియని కాయితాన్ని గర్వంగా చూపించడం, అందులో తిట్లుండటం, దొరలకు హాస్యం. మోసినవాడికి అదే బతుకుతెరువు.

మన సాహిత్యంలో కార్డు లేకుండా నెట్‌వర్కింగ్ చేసిన మొదటి మొనగాడు విజయనగరంలోనే ఉన్నాడు. గిరీశం. అప్పులవాళ్ళ బాధ పడలేక ఊరు వదలాలి, తినడానికి ఒక ఇల్లు కావాలి. వెంకటేశం పరీక్ష తప్పాడు. శిష్యుడికి సెలవుల్లో చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం అగ్రహారంలో దిగిపోతాడు. అగ్నిహోత్రావధాన్ల ముందు గురుశిష్యులు మాట్లాడుకునే ఇంగ్లీషే అతని విజిటింగ్ కార్డు. ఆ ఇంగ్లీషులో ఏముందన్నది ఎవరికీ అక్కర్లేదు. గురజాడ 1890లలో రాసిన ఈ సన్నివేశాన్ని మనం నవ్వుకుంటూ చదువుతాం గానీ, ఇంటర్వ్యూకి కూర్చున్న ప్రతిసారీ నాకు కొంచెం భయం వేస్తుంది, నాలో గిరీశం పాలెంత అని.

*

అగ్రహారం దాటి ఊళ్ళోకి వస్తే ఇంగ్లీషు లేదు, చీటీ లేదు. రంగం ఉంది.

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో ఇప్పటికీ పెద్దవాళ్ళ నోట ఆ మాటే. 19వ శతాబ్దం చివరి నుంచి 1940ల దాకా కళింగపట్నం, బారువ, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో డెక్కు మీద కూర్చుని మనవాళ్ళు బంగాళాఖాతం దాటారు. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడానికి, ఓడరేవులో సరుకు దించడానికి, రిక్షాలు లాగడానికి, వీధులు ఊడవడానికి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, వాళ్ళలో తెలుగువాళ్ళు లక్షన్నర మంది పైనే. నాలుగు లక్షల జనాభా ఉన్న రంగూన్ నగరంలో సగం మందికి పైగా మన దేశస్థులే. తెలుగు కూలీలను అక్కడ కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద.

ఇక్కడ ఒక చిన్న చట్టం ముచ్చట ఉంది. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాబట్టి అక్కడికి వెళ్ళడం లెక్కప్రకారం విదేశానికి వెళ్ళడం కాదు. లైసెన్సులు, అనుమతి పత్రాలు, ఒప్పందాలు ఏవీ అక్కర్లేదు. కాయితం లేనిచోట మనిషే కాయితమయ్యాడు. ఆ మనిషి మేస్త్రీ.

మేస్త్రీ ఎక్కడి నుంచో ఊడిపడడు. పక్క ఊరివాడో, మేనమామ వరసవాడో. పదేళ్ళ కిందట తానూ అలాగే వెళ్ళి, తిరిగొచ్చి, తెల్లటి పంచె కట్టి, చేతికి గడియారం పెట్టుకుని రచ్చబండ దగ్గర కూర్చుంటాడు. ఓడ చార్జీకి, ఇంట్లో తిండికి అడ్వాన్సు ఇస్తాడు. అక్కడ దిగాక పని చూపిస్తాడు, బారెక్సులో చోటు చూపిస్తాడు, జ్వరమొస్తే కషాయం ఇప్పిస్తాడు. జీతం కూడా అతని చేతికే వస్తుంది. అడ్వాన్సు, వడ్డీ, కమీషను పట్టుకుని మిగిలింది ఇస్తాడు. రంగూన్‌లో వలస వ్యవహారాల శాఖలో పనిచేసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో ఈ కూలీల గురించి ఒక పుస్తకమే రాశాడు. బియ్యం మిల్లుల్లో మేస్త్రీల మీద మేస్త్రీలు ఉండేవారు. హెడ్ మేస్త్రీ, అతని కింద చార్జి మేస్త్రీలు, వాళ్ళ కింద గ్యాంగు మేస్త్రీలు, అందరికన్నా కింద బస్తా మోసేవాడు. మిల్లు యజమాని ఇచ్చే కూలి ఇన్ని మెట్లు దిగి రావాలి. ప్రతి మెట్టు మీదా కొంత రాలిపోతుంది.

మరి జనం ఎందుకు వెళ్ళారు? బలవంతంగా తోలుకుపోయారా? కొందరు చరిత్రకారులు మేస్త్రీని బానిసల వర్తకుడిలా చూపిస్తారు. ఇంకొందరు వలసకు తలుపులు తెరిచిన మధ్యవర్తి అంటారు. మా ముత్తాత సంగతి ఇంట్లో విన్నదాన్ని బట్టి నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. వానలు మోసం చేసిన ఏడు, ఊళ్ళో కామందు దగ్గర అప్పు కంటే మేస్త్రీ దగ్గర అప్పు మేలనిపించింది ఆయనకి. మేస్త్రీ అప్పు తీరాక కొంత డబ్బు ఇంటికి వచ్చే దారుంది. కామందు అప్పుకి ఆ దారి లేదు. మనిషికి మనిషే పూచీ అయినచోట, ఆ పూచీకత్తుకు ధర కట్టేది కూడా ఆ మనిషే.

మేస్త్రీల ద్వారా దొరికిన పని ఎంత గాలిలో దీపమో 1930లో తెలిసింది. మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫువాళ్ళు బర్మా కూలీలను తెచ్చి పెట్టుకున్నారు. సమ్మె ముగిసి మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చేసరికి బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మన కూలీలే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక నాలుగైదు లక్షల మంది భారతీయులు వెనక్కి బయల్దేరారు. ఓడలు దొరకనివాళ్ళు అరకాన్ వైపు, మణిపూర్ వైపు అడవుల్లో నడిచారు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. మేస్త్రీ చేర్చినవాళ్ళ పేర్లు మేస్త్రీ నోట్లోనే ఉన్నాయి. పేరు రాసిన కాయితం లేదంటే, కనపడకుండా పోయినప్పుడు అడిగే ఆధారమూ లేదు. తాత చెప్పిన "ఏ కాయితమూ నేదు"లో ఈ సగం ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మలయాకి వెళ్ళినవాళ్ళకి కాయితం ఉండేది. అక్కడి రబ్బరు, కొబ్బరి తోటల్లో మేస్త్రీని కంగాణీ అనేవారు. తోట మేనేజరు అతనికి ఒక లైసెన్సు ఇప్పించేవాడు. ఏ తోట, ఎంతమందిని తేవచ్చు అన్నది దాని మీద ఉండేది. దాన్ని పట్టుకుని కంగాణీ తన సొంత ఊరికొచ్చి తన కులంవాళ్ళను, చుట్టాలను కూడగట్టేవాడు. 1922లో వచ్చిన వలసల చట్టం తర్వాత ఊరి మునసబు కూడా చూసి ఒప్పుకోవాలి. 1938లో ప్రభుత్వం ఈ రిక్రూట్‌మెంటును ఆపేసింది. కింది పెరాక్‌లో బాగన్ దాతో వైపు ఇప్పటికీ ఉన్న తెలుగు కుటుంబాలు చాలామటుకు ఇలా వెళ్ళినవాళ్ళ సంతానమే. నెట్‌వర్కింగ్ కార్డు అని దేన్నయినా పిలవాలంటే నేను ఈ కంగాణీ లైసెన్సునే పిలుస్తాను. తోట కంపెనీ ఒక మనిషి చుట్టరికాన్ని ముద్ర వేసి వాడుకుంది.

*

1931లో విట్లీ కమిషన్ దేశంలోని కార్మికుల స్థితి మీద నివేదిక ఇస్తూ, మిల్లుల్లో జాబర్లు, సర్దార్ల చేతిలో ఉద్యోగం ఇచ్చే, తీసేసే అధికారం ఉండకూడదని చెప్పింది. ఉద్యోగం కోసం లంచం, నిలబెట్టుకోవడానికి లంచం. మేస్త్రీని తప్పించి, మనిషికీ పనికీ మధ్య ఒక నిష్పక్షపాతమైన బల్ల వేయాలన్నది అప్పటి ఆలోచన. ఆ బల్ల మనకు 1945లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీలు పెట్టారు. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. 1956 నవంబరు 1న వాటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పుట్టిందీ ఆ రోజే. ఆ లెక్కన మా నాన్న తరం నిరుద్యోగులు రాష్ట్రానికి కవలలు.

నాన్న ఐటీఐ ఫిట్టర్. ఆయన ఎంప్లాయిమెంట్ కార్డు ఇప్పటికీ మా ఇంట్లో బీరువాలో రేషన్ కార్డు పక్కన ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఆఫీసు భాషలో దాని పేరు ఎక్స్-10. ఆఫీసువాళ్ళ దగ్గర ఉండే జోడీ కార్డు ఎక్స్-1. మీద రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, ఒక కోడు. ఆ కోడు నేషనల్ క్లాసిఫికేషన్ ఆఫ్ ఆక్యుపేషన్స్ అనే లావుపాటి పుస్తకంలోంచి వస్తుంది. దేశంలో ఉన్న వృత్తులన్నింటికీ అందులో అంకెలున్నాయి. సాఫ్ట్‌వేర్ చేసేవాడిగా నాకు దాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. కోట్ల మందికి డేటాబేసు, కంప్యూటర్ లేకుండా, అట్టముక్కలతో. ఎవరి కొడుకు, ఏ ఊరు, ఎవరు పంపారు అన్నవాటికి సెర్చిలో చోటు లేదు. ఫిట్టర్ కావాలంటే ఫిట్టర్ కోడు కింద ముందు నమోదైనవాడు ముందు. ఇన్నేళ్ళ మన చరిత్రలో ఎవరూ తెలియనివాడు కూడా వరసలో నిలబడగలిగిన కార్డు నాకు తెలిసి ఇదొక్కటే.

కానీ వరస కదలాలి కదా. 1959 చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, పాతిక మంది గానీ అంతకు పైగా గానీ పనిచేసే ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయాల్సి ఉండేది. తెలియజేయాలి, అంతే. అక్కడి నుంచే తీసుకోవాలని చట్టం అనలేదు. 1987లో హరగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. ప్రభుత్వం మాత్రం తన ఉద్యోగాలకు ఎక్స్ఛేంజీ పంపిన పేర్లనే చూస్తానని సొంతంగా పెట్టుకోవచ్చంది. ఆ గుత్తాధిపత్యానికి 1996లో తెరపడింది. అదీ మన రాష్ట్రం కేసే. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటుకీ, కె.బి.ఎన్. విశ్వేశ్వరరావుకీ మధ్య. ఎక్స్ఛేంజీ పేర్లతో పాటు పత్రికల్లో కూడా ప్రకటన ఇవ్వాలి, దరఖాస్తు చేసినవాళ్ళందరినీ చూడాలి అని సుప్రీంకోర్టు అంది. న్యాయంగానే ఉంది. పేరు నమోదు కాలేదన్న ఒక్క కారణంతో అర్హుణ్ణి వదిలెయ్యడం ఎలా? కానీ పదిహేనేళ్ళుగా వరసలో ఉన్న మా నాన్న లాంటివాళ్ళకి ఆ రోజు నుంచి వరస అన్నదానికే అర్థం పోయింది. ఆయన ఆ తీర్పు సంగతి ఎప్పుడూ వినలేదు. కాల్ లెటర్లు రావడం మానేశాయని మాత్రం గమనించాడు. మొత్తం మీద ఆయనకి వచ్చింది ఒక్కటి. ఆ ఒక్కదానికీ వెళ్ళొచ్చాడు.

విశాఖ ఉక్కు దగ్గర ఇంకో కార్డు ఉంది. దాని గురించి ఇంతకంటే వివరంగా రాయాల్సిన మనిషి ఎవరైనా ఉండాలి, నేను రెండు మాటలే చెప్పగలను. 1966 ఆందోళన, 32 మంది ప్రాణాలు, 1971 జనవరిలో శంకుస్థాపన, ఇవన్నీ పాఠాల్లో ఉన్నాయి. భూములిచ్చిన ఊళ్ళవాళ్ళకి ఇచ్చిన ఆర్-కార్డు పాఠాల్లో లేదు. ఆర్ అంటే రిహాబిలిటేషన్, పునరావాసం. కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్న మాటకు అచ్చు రూపం. పదహారు వేల పైచిలుకు కార్డులు ఇచ్చారు. ఉద్యోగాలు వచ్చింది అందులో దాదాపు సగం మందికి. మిగతావాళ్ళ కార్డులు తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి వెళ్తున్నాయి. పొలానికి బదులు వచ్చింది కాబట్టి పొలంలాగే వారసత్వంగా పంచుకుంటున్నారు.

*

ఎచ్చెర్ల మండలంలో హైవే దిగి తూర్పుకి వెళ్తే పది నిమిషాల్లో వేరే లోకం. బుడగట్లపాలెం, మత్స్యలేశం. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉందంటారు గానీ, ఇన్నాళ్ళూ ఒక సరైన ఫిషింగ్ హార్బరు లేదు. అందుకే ఇక్కడి గంగపుత్రులు రెండు రోజులు రైలెక్కి గుజరాత్‌లో వేరావల్ వెళ్తారు, అక్కడి బోట్ల మీద అరేబియా సముద్రంలో వేటకి. వాళ్ళను తీసుకెళ్ళేవాడు తండేలు. బోటు యజమాని దగ్గర అడ్వాన్సు తెచ్చి, ఊళ్ళో ఏడెనిమిది మందిని కూడగట్టి, వాళ్ళ ఇళ్ళకు డబ్బిచ్చి, సీజనుకి బయల్దేరతాడు. బోటును నడిపించేదీ అతనే. మనుషుల్ని తెచ్చేవాడే వాళ్ళతో పాటు అదే అలల మీద ఉంటాడన్నది మేస్త్రీకీ తండేలుకీ ఉన్న తేడా, చిన్న తేడా కాదు.

2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళలో 22 మంది పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళారని అక్కడివాళ్ళు పట్టుకున్నారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర ఇటువైపు అడుగుపెట్టారు. 2025లో వచ్చిన తండేల్ సినిమాకి మూలం ఈ కథే. సినిమాలో ప్రేమ ఎక్కువ, అడ్వాన్సు తక్కువ. నాకైతే అడ్వాన్సు లెక్క ఇంకో పావుగంట చూపించి ఉంటే బాగుండేదనిపించింది. పక్కనున్న నా భార్య అలాంటి సినిమాకి టిక్కెట్టు కొనేవాణ్ణి నువ్వొక్కడివే అంది.

అదే మండలంలో, సముద్రానికి ఇటువైపు, 2008లో పెట్టిన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. ఎస్.ఎం. పురంలో ట్రిపుల్ ఐటీ ఉంది. చిలకపాలెం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఇక్కడి నుంచి బయల్దేరేవాళ్ళకి రేవు అమీర్‌పేట. మైత్రీవనం ముందు పాంప్లెట్లు పంచే కుర్రాళ్ళను చూసినప్పుడల్లా నాకు కళింగపట్నం గుర్తొచ్చేది. షియాంగ్ బియావో అనే చైనా మానవశాస్త్రవేత్త 2000 ప్రాంతంలో హైదరాబాద్‌లో, సిడ్నీలో మన ఐటీ కుర్రాళ్ళ మధ్య తిరిగి, 2007లో బాడీ షాపింగ్ మీద ఒక పుస్తకం ప్రచురించాడు. కన్సల్టెన్సీ పెట్టినవాడూ తెలుగువాడే, వీసా మీద వెళ్ళినవాడూ తెలుగువాడే. పని లేనప్పుడు బెంచి మీద కూర్చోబెట్టడం, జీతంలో కోత, ఒకడి మీద ఒకడు కన్సల్టెన్సీలు. చదువుతూ ఒకచోట ఆగిపోయాను. చార్జి మేస్త్రీ, గ్యాంగు మేస్త్రీ. మాటలు మారాయి, మెట్లు అవే. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ ఓడ ఎక్కడానికి డెక్కు చార్జీ చాలదు. కోచింగుకీ వీసాకీ పెట్టుబడి పెట్టగల కుటుంబం కావాలి, కట్నమైనా రావాలి. కోస్తాలో భూములున్న కులాలవాళ్ళు ముందు ఎక్కారు. మా వైపువాళ్ళం చాలా ఆలస్యంగా, ఎడ్యుకేషన్ లోన్లతో ఎక్కాం.

నా ఉద్యోగం రూమ్మేటు పెదనాన్న కొడుకు పక్క సీటాయన వల్ల వచ్చిందన్నాను కదా. అది వింత కాదని మార్క్ గ్రనోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1973లోనే తేల్చాడు. బోస్టన్ దగ్గర న్యూటన్‌లో ఉద్యోగం మారినవాళ్ళను అడిగాడు. తెలిసినవాళ్ళ ద్వారా పని దొరికినవాళ్ళలో ఆ తెలిసినవాణ్ణి తరచుగా కలిసేవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్ళు 55.6, ఎప్పుడో గానీ కలవనివాళ్ళు 27.8. దగ్గరివాళ్ళకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసే ఉంటాయి, దూరపువాడే కొత్త కబురు తెస్తాడు. 2022లో రెండు కోట్ల మంది లింక్డిన్ ఖాతాలతో చేసిన పరిశోధన కూడా, మరీ దూరం కాని ఓ మోస్తరు పరిచయాలే ఉద్యోగాల వైపు ఎక్కువగా తీసుకెళ్తాయని చెప్పింది. బాగుంది. అయితే ఈ సిద్ధాంతం మా తాత ప్రశ్నని వదిలేస్తుంది. దూరపువాడికి దూరపువాడైనా ఆఫీసులో ఒక సీటు మీద కూర్చుని ఉండాలి. మా కాలేజీ నుంచి అప్పటికి అలా కూర్చున్నవాళ్ళు ఎంతమంది? మా నాన్నకి తెలిసిన అందరికీ తెలిసిన అందరినీ కలిపినా, హైటెక్ సిటీలో ఒక్క కుర్చీ లేదు. నా వంద కార్డులూ పోయింది అక్కడే. ట్రైనర్ చెప్పిన సలహా తప్పు కాదు, మాకు కాదంతే.

ఇప్పుడు ఆ కుర్చీ మీద నేనున్నాను. లింక్డిన్‌లో వారానికి నాలుగైదు మెసేజీలు. "సర్, మీ జూనియర్ని. రిఫరల్ ప్లీజ్." మా కంపెనీలో నేను రిఫర్ చేసినవాళ్ళు చేరి మూడు నెలలు నిలబడితే నాకు యాభై వేలు ఇస్తారు. ఇప్పటికి ముగ్గురు చేరారు. మొదటిసారి ఆ డబ్బుతో మా అమ్మకి ఫ్రిజ్ కొన్నాను. తాత అప్పటికి లేడు. ఉంటే "ఒరే, మేస్త్రీవైపోనావు" అనేవాడు, కచ్చితంగా. నా కుర్రాళ్ళ జీతంలోంచి నేనేమీ పట్టుకోవడం లేదు, అప్పు ఇవ్వడం లేదు, అందువల్ల ఇది వేరు అని నాకు నేను చెప్పుకుంటాను. వేరే. కానీ నేను ఎవరిని రిఫర్ చేశానో వెనక్కి చూసుకుంటే ముగ్గురూ మా జిల్లా, ఇద్దరు మా కాలేజీ, ఒకడు మా మేనత్త కొడుకు. జాబ్ పోర్టల్లో దరఖాస్తు పెట్టిన వేలమందిలో వీళ్ళకంటే బాగా రాసినవాళ్ళు లేరా? ఉండే ఉంటారు. వాళ్ళ దరఖాస్తులు మా హెచ్.ఆర్. వాళ్ళు తెరిచి కూడా ఉండరు. ఎక్స్-10 కార్డు వరసలో నిలబడ్డ మా నాన్నని వరస దాటి వెళ్ళిపోయినవాళ్ళ మీద నాకు చిన్నప్పటి నుంచీ కోపం ఉండేది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చిలకపాలెం దగ్గర టీ తాగుతున్నాను. పక్కనే ఉన్న కుర్రాడు నా కంపెనీ టీషర్టు చూసి కాసేపు అటూ ఇటూ తిరిగి దగ్గరికొచ్చాడు. "సర్, మీరు అక్కడ చేస్తారా?" మాట కలిశాక సర్ కాస్తా అన్నా అయింది. కంప్యూటర్ సైన్సు, ఆఖరి సంవత్సరం. వాళ్ళ నాన్న వేరావల్ బోటు మీద ఉంటాడట, మార్చికి గానీ రాడట. జేబులోంచి ఒక కార్డు తీసి ఇచ్చాడు. కంప్యూటర్ బొమ్మ లేదు, క్యూఆర్ కోడు ఉంది. స్కాన్ చేస్తే గిట్‌హబ్ పేజీ తెరుచుకుంటుంది. ఎవరు చెప్పారు ఇది చేయించుకోమని అని అడిగాను. కాలేజీకి ఒక ట్రైనర్ వచ్చాడన్నా అన్నాడు.

బెంగళూరు వచ్చాక ఆ కోడ్ చదివాను. పడవల డీజిల్ ఖర్చు లెక్క కట్టే చిన్న యాప్, ఆ వయసులో నేను రాసినదానికంటే చాలా నయం. రిఫరల్ ఫారం తెరిచి పేరు, ఈ-మెయిల్, రెజ్యూమె అన్నీ పెట్టాను. ఆఖర్న ఒక ప్రశ్న, తప్పనిసరిగా నింపాల్సింది. ఈ అభ్యర్థి మీకు ఎలా తెలుసు? కింద నాలుగే జవాబులు. సహోద్యోగి, సహవిద్యార్థి, స్నేహితుడు, బంధువు. నేను అతనితో మాట్లాడింది ఒక టీ తాగేంత సేపు. కాసేపు చూసి, బంధువు అని నొక్కి పంపాను.